అయిదో ఇంటి కుక్కపిల్ల

రండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు పక్కన పెట్టండి. సగం చెవితో వినే సంగతి కాదు ఇది.

ప్రొద్దుటూరు. జనవరి ఇరవై రెండు. ఉదయం ఆరూ పది.

జైబున్నీసా నమాజు ముగించి వాకిట్లోకి వచ్చింది. మెట్ల కిందికి వంగి చూసింది.

గంప ఖాళీ.

అందులో అయిదు కుక్కపిల్లలు ఉండాలి. ఒక్కటీ లేదు.

తల్లికుక్క చుక్కి పక్కకు ఒరిగి పడి ఉంది. ఊపిరి ఆడుతోంది. పిలిస్తే కన్ను తెరవడం లేదు. చన్నులు పాలతో బిగిసి ఉన్నాయి. మూతి దగ్గర రెండు పెరుగన్నం మెతుకులు.

ఆ ఇంట్లో ముందురోజు పెరుగే లేదు.

జైబున్నీసా జాకెట్లు కుట్టి బతికే మనిషి. భర్త పోయాక ఒంటరిది. ఒక వానలో చుక్కి వచ్చి ఆమె మెట్ల కింద చేరింది. నమాజు చేసే గదిలోకి దాన్ని రానివ్వదు. కానీ మెట్ల కింద ఇటుకలు పేర్చి గూడు కట్టింది. చుక్కి ఈనిన రాత్రి మిషను మీద పని ఆపేసి దాని పక్కనే కూర్చుంది.

పిల్లల్ని ఇచ్చే విషయంలో ఆమెకో పద్ధతి ఉంది. ఎవరైనా అడిగితే ముందు తానే వాళ్ల ఇంటికి పోయి చూస్తుంది. నచ్చితే ఆ ఇంటివాళ్లు కట్టి విడిచిన పాతబట్ట ముక్క ఒకటి అడిగి తెస్తుంది. దాన్ని పట్టీగా కుట్టి పిల్ల మెడకు వదులుగా కడుతుంది. ఆ వాసనలోనే రెండు నెలలు పెరిగితే, పోయిన చోట పిల్ల బెదరదని.

అయిదు పిల్లలు. అయిదు ఇళ్లు. అయిదు పట్టీలు. పిల్లల వయసు ఇరవై నాలుగు రోజులు.

ఆరూ యాభైకి ఆమె పోలీస్ స్టేషన్‌లో ఉంది.

"మేడమ్, కుక్కపిల్లలకు ఎఫ్.ఐ.ఆరా?" కానిస్టేబుల్ లాల్ బాషా నవ్వాడు. "రేపు కోళ్లకు గూడా రాయమంటారు."

ఎస్.ఐ. మసరత్ నవ్వలేదు. పెద్దముడియంలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని, ఆ కుర్చీదాకా వచ్చిన మనిషి.

"ఇంట్లోకి జొరబడినాడు. నోరులేని దానికి మందు పెట్టినాడు. బి.ఎన్.ఎస్. సెక్షన్ మూడువందల ఇరవై అయిదు. రాయి లాల్ బాషా. కోడి సంగతి నీ కోడి పోయినపుడు మాట్లాడుదాం."

ఏడూ ఇరవైకి మసరత్ వెంట వచ్చిన పశువుల డాక్టరు మెట్ల కింద చుక్కిని చూశాడు.

"నిద్రమాత్రలు. పది పదకొండుకు లేస్తుంది. దీనికి భయం లేదు. పిల్లలకే... ఈ చలిలో తల్లి ఒంటి వేడి ఉండదు, పాలుండవు. ఒళ్లు తడిస్తే ఇంక చెప్పలేను."

"ఎంతసేపు?"

"మధ్యాహ్నం దాకా ఆగితే గొప్ప."

మసరత్ గడియారం చూసుకుంది. జైబున్నీసాకు ఎదురుగా మెట్టుమీద కూర్చుని, పిన్నిని పిలిచినట్టు పిలిచింది.

"ఖాలా, ఆఖరుసారి ఎపుడు చూసినావు?"

"అయిదున్నరకు. పాలు తాగుతాండ్య."

"తర్వాత?"

"కాళ్లూచేతులూ కడిగి వజూ చేసుకోని లోపలికి పోతి. ఆరూ పదికి బయటికొస్తి."

"నువ్వు ఆ టైములో లోపలుంటావని ఎవరికి తెలుసు?"

"వీధికంతా తెలుసు. కుట్టేదానికి గుడ్డలు తెచ్చేటోళ్లకు తెలుసు. పిల్లల్ని అడగను వచ్చినోళ్లకూ తెలుసు. ఆ టైములో రావద్దని నేనే చెప్తి."

"ఎవరి మీద అనుమానం?"

ముగ్గురి పేర్లు చెప్పింది.

పక్కింటి నబీ రసూల్. జిన్నింగు మిల్లులో రాత్రి డ్యూటీ. పగలు పడుకుంటే పిల్లల కూతలకు నిద్రపట్టడం లేదని రోజూ తిట్టేవాడు.

కార్తీక్. పెంపుడు జంతువుల అంగడి నడుపుతాడు. అయిదింటినీ తనకే ఇమ్మని మూడుసార్లు వచ్చి పోయాడు.

మూడోవాడు ఆదినారాయణ. పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. రెండు పిల్లలు కావాలన్నాడు. ఒకటి తన తోటకు, ఒకటి పెద్దముడియంలో బావమరిది చేనికి. జైబున్నీసా బస్సెక్కి పులివెందులకు పోయింది, తోట చూడడానికి. అక్కడ గొలుసుకు ఒక కుక్క ఉంది. దాని మెడ చుట్టూ వెంట్రుక లేదు. ఇనుము దిగి పుండైంది.

"ఏమన్నావు ఖాలా?"

"నీకు కావాల్సింది కుక్క కాదప్పా, తాళం. అంగట్లో దొరుకుతాది, పోయి కొనుక్కో అంటి. కూలోళ్లు శానామంది ఉండిరి. నగిరి."

మసరత్ ఆమెకేసి చూసింది. కూలివాళ్లు నవ్వారన్నమాట. అది రాసుకోలేదు. గుర్తుపెట్టుకుంది.

తొమ్మిదిన్నరకు ముగ్గురూ ఆ ఇంట్లోనే ఉన్నారు. ఇద్దర్ని లాల్ బాషా పిలుచుకొచ్చాడు. ఆదినారాయణను పిలవాల్సిన పనే లేకపోయింది. తనంతట తానే వచ్చాడు! మనవరాలికి కమ్మలు కొనడానికి బంగారు అంగళ్లకు వచ్చాడట. విషయం తెలిసి పలకరించి పోదామనుకున్నాడట. తెల్లటి పంచె, మచ్చలేని బూట్లు. ఆమె ఏడుపు చూడాలన్న ఆశ ముఖంలో కనబడుతూనే ఉంది.

ఆ ఇంట్లో అందరూ గడప బయటే చెప్పులు విడుస్తారు. ముగ్గురూ విడిచారు. చాపమీద కూర్చున్నారు.

"నబీ రసూల్, అయిదున్నరనుంచి ఆరూ పదిదాకా యాడున్నావు?"

"మిల్లులో మేడమ్. ఆరున్నరకు దిగినాను. వాచ్‌మన్‌ను అడగండి. తిట్టినా, నిజమే. మొన్న వాన పడినపుడు గంప మీద పట్ట కప్పింది గూడా నేనే."

"కార్తీక్?"

"అంగట్లోనే పడుకుంటా. సీసీ కెమెరా ఉంది, చూసుకోండి. నేను అమ్ముకునేవాణ్ణి మేడమ్, ఎత్తకపోయేవాణ్ణి కాదు."

లాల్ బాషా ఫోనులో రెండూ విచారించాడు. రెండూ నిజమే.

"ఆదినారాయణగారూ?"

"పులివెందులలో ఇంట్లో ఉన్నా. ఏడున్నరకు బయల్దేరినా. తోట తప్ప ఇంగ యాడికీ పోలా. అయినా ఏందమ్మా, కుక్కపిల్లల కోసం పెద్దమనుషుల్ని చాపమీద కూకోబెడతారా?"

అంటూనే కాలు కాలుతో రుద్దుకున్నాడు.

"కాళ్లకు ఏమైంది?"

"చీనీ ముండ్లు. తోటోనికి మామూలే."

లాల్ బాషా తలూపాడు. అతనికది సరిగానే తోచింది. మసరత్ లేచి నిలబడింది.

"పంచె రొంత పైకెత్తండి."

"ఏందీ?"

"ఎత్తండి."

ఎత్తాడు. రెండు కాళ్లూ పాదాలనుంచి పిక్క సగందాకా ఎర్రగా ఉన్నాయి. ఆ పైన గీత గీసినట్టు మామూలు చర్మం. అందరూ చూశారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"చీనీ ముల్లు గీకుతుంది" అంది మసరత్. "గీత పడుతుంది, రక్తం వస్తుంది. అదీ కొమ్మకుంటుంది. చేతులకు, భుజాలకు తగులుతుంది. మీ చేతులమీద ఒక్క గీత లేదు. ఈ కాళ్లమీదా గీత లేదు. ఇది ముల్లు కాదు. మంట."

ఆదినారాయణ పంచె దించుకున్నాడు.

"చిన్నపుడు మా అమ్మతో శనగ కోతకు పోయేదాన్ని. ఈ నెలలో తెల్లారి శనగ చేను పుల్లటి మంచు కారుస్తుంది. ఆకుమీది పులుపు తగిలితే చర్మం కాలుతుంది. కాళ్లకు పాతగుడ్డలు చుట్టుకోకుండా మా ఊళ్లో ఎవరూ మంచులో దిగరు. శనగ మొక్క ఇంతే ఎత్తు." తన పిక్క మధ్యకు చేయి పెట్టి చూపించింది. "నల్లరేగడి బూట్లకు అంటుకుంటుందని మీరు వాటిని విప్పినారు. పంచె ఎగ్గట్టినారు. చీనీ తోటలో ఒట్టికాళ్లతో తిరిగే అలవాటు. శనగ సంగతి తెలియదు. మీ తోటలో శనగ లేదు. మా పెద్దముడియంలో మీ బావమరిది చేనిలో ఉంది."

అప్పుడే మెట్ల కింద చుక్కి కదిలింది. లేచి, తూలుతూ గంప దగ్గరికి పోయి వాసన చూసింది. మూలగడం మొదలుపెట్టింది.

"కోతకు ఇంగా పదిరోజులుంది. ఆ చేనికి మనిషి రాడు. అందుకేనా అంత దూరం?" అడిగింది మసరత్.

ఆదినారాయణ మసరత్‌ను చూడలేదు. జైబున్నీసాను చూశాడు.

"నా కూలోళ్ల ముందర నన్ను నగుబాటు చేసింది. నాకియ్యని పిల్లలు ఇంగెవరికీ పోగూడదు."

పదీ నలభై. జీపు జమ్మలమడుగు దాటి పరుగెత్తింది. వెనక సీట్లో జైబున్నీసా, ఆమె ఒడిలో తల పెట్టి చుక్కి.

పదకొండున్నరకు పెద్దముడియం చేను చేరారు. జీపు ఆగకముందే చుక్కి దూకింది. ముందు కాళ్లు మడతపడ్డాయి. లేచింది. గట్టు వెంట పోయి శనగలోకి దూరింది. నడి చేనిలో ఆగి మొరిగింది.

మూడు పిల్లలు ఒకదానిమీద ఒకటి ముద్దగా పడి ఉన్నాయి. నాలుగోది నాలుగడుగుల అవతల పాకుతోంది. పొట్టలు ఎర్రగా కాలి ఉన్నాయి. చుక్కి అక్కడే మట్టిలో వాలిపోయి చన్నులిచ్చింది.

అయిదోది సాలులో బోర్లా పడి ఉంది. చల్లగా ఉంది. మెడకు నీలంచీర ముక్క పట్టీ. పులుపుకు ఆ నీలం అక్కడక్కడా తెల్లగా వెలిసిపోయింది.

జైబున్నీసా ఏడవలేదు. పట్టీ విప్పి రొంటిన దోపుకుంది. పిల్లను కొంగులో చుట్టుకుంది.

"ఇది జమ్మలమడుగు ఈశ్వరమ్మది" అంది. అంతే.

కేసు కట్టారు. ఆదినారాయణకు బెయిలొచ్చింది. ఫిబ్రవరి చివర అతని తరఫున రాజీ మాట్లాడడానికి నలుగురు పెద్దమనుషులు జైబున్నీసా ఇంటి ముందు కారు దిగారు. రైతుల సొసైటీ అధ్యక్ష పదవికి నిలబడబోతున్నాడట. ఈ మచ్చ వద్దట.

జైబున్నీసా మిషను ఆపలేదు.

"పిల్లలకు రెండు నెలలు నిండినాయి. ఇండ్లకు పంపాల. గంప ఆయప్పనే నెత్తిన పెట్టుకోని, ఒట్టికాళ్లతో ప్రతి ఇంటికీ పోయి చెప్పమనండి, దొంగిలించింది నేనేనని. పేరు గూడా చెప్పాల. అంతవరకు నాతో మాటల్లేవు."

పెద్దమనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. ఖర్చులేని పని అనుకున్నారు. ఒప్పించారు.

ప్రొద్దుటూరులో మూడు ఇళ్లు. రాజుపాలెంలో ఒకటి. గంపతో అతను ముందు, రెండడుగుల వెనక జైబున్నీసా. ప్రతి గడపలో గంప దించి చెప్పాడు. "ఈ పిల్లను ఎత్తకపోయి చేలో పారేసింది నేనే. నా పేరు ఆదినారాయణ." వీధుల్లో ఫోన్లు పైకి లేచాయి. పిల్లలు మాత్రం ఇంటి వాసన గుర్తుపట్టి తోక ఊపుకుంటూ లోపలికి పోయాయి.

నాలుగో ఇల్లు దాటాక అడిగాడు. "ఇంగ కేసు తీసేయిస్తావు కదా?"

"ఇండ్లు తిరగమంటి. కేసు మాట నేనెత్తితినా? అది కోర్టు చూసుకుంటాది. ఇంగొక ఇల్లుండాది. పా."

గంపలో ఏమీ లేదు. అదే గంప ఇప్పుడు అతనికి మోయలేనిదైంది.

జమ్మలమడుగులో ఈశ్వరమ్మ నేతపని చేసిన మనిషి. చూపు పూర్తిగా పోయింది. గడపలో కూర్చుని రెండు చేతులూ చాచింది.

"వచ్చినావా అప్పా? ఏదీ నా పిల్ల?"

అతను గంప దించాడు. ఆమె చేతులు గంప అడుగంతా తడిమాయి. ఒక మూలనుంచి ఇంకో మూలకు. మళ్లీ మొదటి మూలకు. జైబున్నీసా నీలం పట్టీ తీసి ఆ చేతిలో పెట్టింది. ఈశ్వరమ్మ దాన్ని వేళ్లతో నలిపి చూసింది. తన చీరే.

"ఏమాయె? చెప్పు. మొదటినుంచి చెప్పు."

చెప్పాడు. మాత్రలు, గంప, చేను, మంచు. అంతా.

"రొంత చెవుడు నాయనా. మల్లా చెప్పు."

మళ్లీ చెప్పాడు. ఇరుగుపొరుగు చేరారు.

"ఆ పిల్ల మొరిగిందా, లేదా? అది చెప్పలేదు నువ్వు. మల్లా మొదటినుంచి చెప్పు."

మూడోసారికి అతని గొంతు పోయింది. ఆమె లోటాతో నీళ్లిచ్చింది. తాగేదాకా ఆగింది.

"ఊఁ" అంది. "చెప్పు."

మీరూ మరవకండి. మీ పిల్లలకు చెప్పండి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పండి. ఎండ, చలి, ఏదైనా మార్చుకోండి, మీ ఇష్టం. అతని పేరు మాత్రం మార్చవద్దు.