చెల్లెకు ఒడిబియ్యం

"మేడం, పడవ ఉన్నదా, అమ్ముడువోయిందా?"

"ఉన్నది. కొని ఏం చేస్తరు? మీరు గూడ హోటల్ ముందట పెట్టి పూలచెట్లు నాటుతరా?" ఊర్మిళ ఫోనులోనే కస్సుమంది. పొద్దుటి నుంచీ వచ్చినవన్నీ అలాంటి బేరాలే.

"లేదు మేడం, నీళ్లల్ల నడుపుత."

"నడుపుడు వస్తదా?"

"నేర్చుకుంట."

ఊర్మిళకు నవ్వొచ్చింది. "సరే, రేపు బయ్యారం రాండ్రి."

ఆ చెక్క పడవ ఆమె తండ్రి కనకయ్యది. భుజం నొప్పితో ఆయన తెడ్డు వెయ్యలేక చేపల వేట మానేశాడు. ఊర్మిళకేమో మహబూబాబాద్‌లో ల్యాబ్ ఉద్యోగం. చిన్నప్పుడు తన కళ్లముందే తయారైన ఆ పడవను ఆమె ఎప్పుడూ 'చెల్లె' అనే పిలిచేది. ఊరి చెరువు గట్టుమీద చెల్లె ఎండకు పగుళ్లివ్వడం చూడలేక తనే ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టింది. నీళ్లలో నడిపేవాళ్లకే అమ్ముతామని కింద షరతు కూడా రాసింది.

మర్నాడు ట్రాలీ ఆటో వేసుకుని శ్రావణ్ వచ్చాడు. మొగుళ్లపల్లి వాడు, ఊరి చెరువులో చేపలు పెంచుతున్నాడు. పొడగరి, నవ్వితే బుగ్గన సొట్ట. ఆ సొట్టను చూడనట్టు ఊర్మిళ బాగానే నటించింది.

"ఎక్కు. నడిపి చూపెట్టు."

చెరువులోకి దింపిన పడవలో ఊర్మిళ కూడా ఎక్కి కూర్చుంది. శ్రావణ్ తెడ్డు వేశాడు. పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

"ఏంది, ప్రదక్షిణం చేస్తున్నవా?"

"జర ఆగు మేడం, గిది నా మాట వింటలేదు."

"నా చెల్లె కొత్తోళ్ల మాట వినదు. ఒక్క దిక్కే వేస్తె గట్లనే తిరుగుతది. రెండు దిక్కుల మార్చుకుంట వెయ్యి."

వాన సన్నగా మొదలైంది. ఇద్దరిలో ఎవరికీ గట్టు గుర్తుకు రాలేదు. చివరికి గొడుగు పట్టుకుని కనకయ్యే కేకేశాడు. "కొనేది పడవనా, చెరువునా?"

బేరం కుదిరింది. పడవను ఆటోలోకి ఎక్కించాక ఊర్మిళ పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ తెచ్చి పడవలో పోసింది. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పోసే ఒడిబియ్యం అవి. వాళ్లింట్లో పడవను పంపినా అదే పద్ధతి.

"పైలం, మంచిగ చూసుకో," అంది కళ్లు తుడుచుకుంటూ. శ్రావణ్ బుద్ధిగా తలూపాడు. ఆ బియ్యం ఏం చెయ్యాలో మాత్రం అడగలేదు.

మరుసటి రోజు వాట్సాప్‌లో వీడియో వచ్చింది. కొత్త చెరువులో చెల్లె హాయిగా తేలుతోంది. ఊర్మిళ సంబరపడేలోపే శ్రావణ్ గొంతు వినపడింది. "ఫస్ట్ ట్రిప్! మీ బియ్యం చేపలకు చల్లిన. మస్తు తిన్నయి!"

ఊర్మిళ వెంటనే ఫోను చేసింది. "ఒడిబియ్యం చేపలకు వేస్తరా ఎవరన్న? ఇంట్ల వండి నలుగురిని పిలిచి పెట్టాలె! ఆడపిల్లను తెచ్చుకుంటె గదే మర్యాద. నీకు ఇచ్చుడే నా తప్పు!"

"ఊర్మిళా, నాకు తెల్వదు..."

ఫోను పెట్టేసి నంబరు బ్లాక్ చేసింది. సాయంత్రానికి కోపం దిగి దిగులు పట్టుకుంది. బ్లాక్ తీసేద్దామంటే పౌరుషం అడ్డొచ్చింది. పరాయివాడి మీద ఇంత కోపం రాదని, అతనంటే తనకు ఇష్టమని ఆమెకు తెలిసిపోయింది.

ఆదివారం ఇంటిముందు హారన్ మోగింది. ట్రాలీ ఆటోలో పసుపు కుంకుమలతో, బంతిపూల దండతో చెల్లె! పక్కనే శ్రావణ్, అతని వెనక ఓ పెద్దావిడ. పడవను వాపసు ఇచ్చేస్తున్నాడేమోనని ఊర్మిళ కంగారుగా ఎదురెళ్లింది.

"అన్నా, నేను వీని తల్లిని, రమాదేవిని," అని పెద్దావిడ కనకయ్యకు దండం పెట్టింది. "అక్కచెల్లెండ్లు లేని పిలగాడు, తెల్వక ఒడిబియ్యం చేపలపాలు చేసిండు. మీ బిడ్డను పుట్టింటికి తోల్కొచ్చినం. మళ్లొకసారి బియ్యం పొయ్యిండ్రి. గీసారి నా చేతులతోని వండుత. మీరు బువ్వకు రావాలె."

కనకయ్య గబగబా కుర్చీ తెచ్చి వేశాడు. రమాదేవి ఊర్మిళను ఎగాదిగా చూసింది.

"గీ పడవ నీకు చెల్లెనట గద బిడ్డా? చెల్లెను ముందుగాల పంపి అక్కను ఇంట్ల ఉంచుకుంటె నలుగురు ఏమంటరు అన్నా?"

శ్రావణ్ చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా! మెల్లగ అడుగుతనన్నవ్ గద!"

"నన్ను అడిగితె ఏం లాభం?" కనకయ్య కూతురి వైపు తిరిగాడు. "నీ ఇష్టం బిడ్డా. జబర్దస్తీ లేదు."

ఊర్మిళ లోలోపల పొంగిపోయింది. అయినా బెట్టు వదల్లేదు. "ముందు తెడ్డు పట్టమను. అవతలి గట్టు దాక సక్కగ పోతె అప్పుడు చెప్త."

ఇద్దరితో పడవ నీళ్లలోకి దిగింది. ఈసారి ఎక్కడా వంకర పోలేదు.

"ఎప్పుడు నేర్చుకున్నవ్?"

"దినాం ఇదే పని. నువ్వు బ్లాక్ చేసినంక వేరే పనేమున్నది?"

ఊర్మిళ ఫక్కున నవ్వింది. నడిచెరువులో శ్రావణ్ తెడ్డు ఆపేశాడు. "గట్టు దాక ఆగుడు నాతోని కాదు. నువ్వంటె నాకు పానం, ఊర్మిళా. ఏమంటవ్?"

"చెల్లె బియ్యం మీ అమ్మ ఒక్కతే ఎందుకు వండుడు? నేను గూడ వస్త," అంది ఊర్మిళ. "ఎప్పటికీ ఉండేటట్టే వస్త."

శ్రావణ్ సంబరంతో తెడ్డు అందుకుని ఒక్క దిక్కే వేస్తూ పోయాడు. చెల్లె గిరగిరా తిరగడం మొదలుపెట్టింది.

"ఏమన్నదమ్మా?" గట్టుమీద కనకయ్య ఆత్రంగా మెడ సాచాడు. "ఇంత దూరంకెల్లి ఏం ఇనబడ్తలేదు."

"ఇనుడెందుకన్నా?" రమాదేవి నవ్వింది. "మావోడు ఎట్ల తిరుగుతుండో సూడు. ఒప్పుకున్నది!"