బాగుచేసినోళ్ళే ట్రయల్‌కి ఎక్కాల

"మెకానిక్ ఎక్కడున్నాడు?" అని నేను అడిగింది సాక్షాత్తూ ఆ మెకానిక్‌నే. ఆ సంగతి నాకు తెలీదు, అంతే.

ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కట్టే జెట్టీ. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, చంకలో లాప్‌టాప్. బోటు ఇంజన్లు అమ్మే ఒక కంపెనీలో సర్వీస్ ఇంజనీర్‌ని నేను. పేరు ఉదయ్‌కుమార్. ఎదురుగా బోటు అంచు మీద ఓ అమ్మాయి కూర్చుని ఉంది. నూనె మరకల నీలం చొక్కా, పక్కన స్టీలు కారేజీ.

"మెకానిక్‌కి అన్నం తెచ్చారా? ఆయన్ని కాస్త పిలుస్తారా?"

ఆమె నన్ను బూట్ల దగ్గర్నుంచి క్రాఫు దాకా ఓసారి చూసింది.

"పిలుత్తాను గానీ, ముందు ఈ టార్చి పట్టు."

పట్టాను. ఆమె వెనకే ఇంజను గదిలోకి దిగాను. నేను లాప్‌టాప్ తెరిచేలోపే ఆమె స్పానర్‌తో ఓ నట్టు వదులు చేసింది. డీజిల్ బుడబుడమంటూ నురగతో వచ్చింది.

"డీజిల్ పైపులో గాలి పట్టేసింది. పంపు మార్చాలని రాసీకు, దాలయ్య బాబుకి దండగ."

"మరి మెకానిక్...?"

"నానే. ఆశాజ్యోతి. టార్చి తిన్నగా పట్టండి ఇంజనీర్‌గారూ."

పైన బోటు ఓనరు దాలయ్య పగలబడి నవ్వాడు. ఇంజను కూడా అప్పుడే అందుకుంది. నాకు తలకొట్టేసినట్టయింది. లాప్‌టాప్ సర్దుకుని జెట్టీ మీదకి దూకబోతుంటే దాలయ్య ఆపాడు.

"ఏటి బాబూ, దిగిపోతన్నావ్? మా దగ్గర బాగుచేసినోళ్ళే ట్రయల్‌కి ఎక్కాల. నడిసముద్రంలో ఆగిపోతే ఆళ్ళూ మాతోనే ఉండాల."

"బాగుచేసింది నేను కాదుగా!"

అసలు సంగతేమిటంటే, సముద్రం మీద అడుగుపెడితే నాకు కడుపులో తిప్పుతుంది. ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. నాన్న సీతారామాంజనేయులు ముప్ఫయ్యేళ్ళ కిందట తణుకు నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చారు. ఫర్నేసు దగ్గర పనిచేసి మోచేతుల దాకా కాలిన మచ్చలు తెచ్చుకున్నారు. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు మాత్రం పొడుగు చేతుల చొక్కా వేసుకోవాల్సిందే. బంధువుల్లో ఆ మచ్చలు కనబడకూడదని అమ్మ పట్టు.

ఆ రోజు నేను దిగిపోయాను, ఆశే ట్రయల్‌కి వెళ్ళింది. ఆమె చెయ్యి ఊపలేదు. నేనే ఊపాను.

ఆ తర్వాత హార్బర్‌లో ఏ ఇంజను దగ్గినా నేనే హాజరు.

"ఏటి, మీ కంపెనీలో ఇంకెవరూ నేరా?" అంది ఓరోజు.

"ఉన్నారు. వాళ్ళకి టార్చి పట్టడం రాదు."

నవ్వాపుకోడానికి ఆమె ఇంజను వైపు తిరిగింది. నవ్వుతోందని భుజాలు చెప్పేశాయి.

జులైలో ఓ సాయంత్రం వాన పట్టుకుంది. ఐసు ఫ్యాక్టరీ షెడ్డు కింద ఇద్దరం నిలబడ్డాం. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఏసీ గదిలో ఉద్యోగం వస్తే ఎందుకు వదులుకున్నావని అడిగాను.

"మా నాన్న సింహాద్రి బాగుచేసిన బోటేదీ నడిసముద్రంలో ఆగనేదు. నన్ను కూడా అలగే అనాల. ఆడపిల్ల బోటెక్కితే వల ఖాళీగా వత్తాదన్నారు. ఎక్కాను. వల నిండుగానే వచ్చింది. ఇప్పుడు నాను ఎక్కకపోతే బోటు కదపరు."

చెప్తున్నంతసేపూ ఆమె మెడ నిటారుగానే ఉంది. ముక్కు మీద గ్రీజు మరక. తుడవాలనిపించింది. కానీ ఆ మరకతోనే ఎంత బాగుందో!

"ఆశా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"నాతో బతకాలంటే టార్చి ఒక్కటే సాలదు ఇంజనీర్‌గారూ."

"ఇంకేం కావాలి?"

"అవసరం వచ్చినప్పుడు సెప్తాను," అంటూ వానలోకి చెయ్యి చాపింది. కాదని మాత్రం అనలేదు.

ఇంట్లో ఆశ గురించి చెప్పాను, ఆమె చేసే పని ఊసెత్తకుండా. జాలరి పిల్ల అనగానే అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "నీ ఇష్టం" అంది. ఆ మాత్రం చాలనుకునేలోగా తణుకు నుంచి మేనత్త చిట్టెమ్మ ఫోను.

"అమ్మాయి ఏం చేస్తుందిరా అబ్బాయ్?"

నరం లేని నాలుక కదా. "మెరైన్ కంపెనీలో ఆఫీసరు" అనేసింది.

అత్తయ్య మురిసిపోయింది. అమ్మ ముఖం విప్పారింది. ఆదివారం పెళ్ళిచూపులన్నారు. నేను శుక్రవారం ఆశ చేతిలో ఓ పొట్లం పెట్టాను. అందులో చేతుల నలుపు పోగొట్టే క్రీము, ఎర్రటి నెయిల్ పాలిష్.

"ఇదేటి?"

"ఆదివారానికి. ఆఫీసరని చెప్పాను. ఆ ఒక్క పూట..."

"నా సేతులు సూసి సిగ్గుపడతన్నావా?"

"నేను కాదు ఆశా, వాళ్ళు..."

"ఆళ్ళింకా సూడనేదు. సూసింది నువ్వే."

పొట్లం తిరిగి నా చేతిలో పెట్టింది. "ఆ ఆఫీసరమ్మెవరో ఎతుక్కుని పెళ్ళి సేసుకో. ఆదివారం మా ఇంటికి రావొద్దు. నాను జెట్టీ మీద పనిలో ఉంటాను."

ఆ రెండు రోజులూ ఆశ నా ఫోనెత్తలేదు. అద్దంలో ముఖం చూసుకుంటే నామీద నాకే అసహ్యమేసింది. పాడైంది ఆమె చేతులు కాదు, నా మాట.

ఆదివారం పొద్దున్న అమ్మ, నాన్న, అత్తయ్య పట్టుబట్టల్లో కారెక్కారు. నేను కారుని తిన్నగా హార్బర్‌కి పోనిచ్చాను.

"పెళ్ళికూతురింటికని చెప్పి ఇక్కడికి తెచ్చావేంట్రా?" అని చిట్టెమ్మ అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

దాలయ్య బోటులోంచి ఆశ పైకొచ్చింది. మోచేతుల దాకా నలుపు. మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

జెట్టీ అంతా వినబడేలా చెప్పాను.

"అత్తయ్యా, నేను అబద్ధం చెప్పాను. ఈ అమ్మాయి ఆఫీసరు కాదు, బోటు మెకానిక్. ముప్ఫై బోట్లు ఈమె మాట నమ్మి సముద్రంలోకి వెళ్తాయి. చేతులు రోజూ ఇలాగే ఉంటాయి. ఆ చేతులంటే నాకు గర్వం. దాచాలనుకోవడం నా పిరికితనం."

వలలు కుడుతున్నవాళ్ళు చేతులాపి చూస్తున్నారు.

"నలుగురికీ ఏం చెప్పుకుంటాంరా?" అంది అత్తయ్య.

"ఇప్పుడు నేను చెప్పిందే, అత్తయ్యా."

ఆశ గుడ్డతో చేతులు తుడుచుకుంది. ఎంత తుడిచినా పోయే నలుపు కాదది.

"సేసిన తప్పు బాగుచేసీసేనంటావా?"

"చేశాను."

"అయితే ఎక్కు."

దాలయ్య ఈలేశాడు. "బాగుచేసినోళ్ళే ట్రయల్‌కి ఎక్కాల బాబూ!"

వాచీ, ఫోను అమ్మ చేతిలో పెట్టి బోటులోకి దూకాను. డాల్ఫిన్ నోస్ కొండ దాటేసరికి పొద్దున్న తిన్న ఇడ్లీలన్నీ చేపలకి పంచేశాను. తూలి పడిపోకుండా ఆశ నా చొక్కా వెనకనుంచి గట్టిగా పట్టుకుంది.

"ఎనక్కి తిప్పమంటావా?"

"వద్దు. ట్రయల్ పూర్తవ్వాలి."

అలల మీద వాన చినుకులు మొదలయ్యాయి. ఆమె కళ్ళల్లో కూడా.

"అవసరమైంది ఇదే ఉదయ్," అంది. నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి.

తిరిగొచ్చేసరికి ముగ్గురూ అక్కడే తడుస్తూ ఉన్నారు. నాన్న పొడుగు చేతుల చొక్కాని మోచేతుల పైకి మడిచారు. నలుగురిలో ఆయన అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ముందుకొచ్చి ఆశకి చెయ్యందించారు.

"సెయ్యి నల్లగుందండీ," అంది ఆశ వెనక్కి తీసుకుంటూ.

"నాదీ అంతేనమ్మా. పట్టుకో."

పట్టుకుని జెట్టీ మీదకి ఎక్కింది. అమ్మ నాన్న మచ్చల్ని చూసింది. నా చొక్కా వీపు మీద పడ్డ అయిదు నల్లటి వేళ్ళ గుర్తునీ చూసింది. తర్వాత కొంగుతో ఆశ తల తుడుస్తూ అత్తయ్య వైపు తిరిగింది.

"వదినా, తణుకులో అందరికీ చెప్పు. మా కోడలు బోటు మెకానిక్ అని. ఇంకోమాట. పెళ్ళికి మీ తమ్ముడికి పొట్టి చేతుల చొక్కానే కొంటున్నాం."