మూడో చొక్కా

ఆ జెట్టీ చివర మంచిది కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. పగలు పర్లేదు. గాలాలు వేసుకునేవాళ్ళూ, ఊరికే కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళూ ఉంటారు. చీకటి పడిందా, ఎంతటివాడైనా మధ్య దీపం దగ్గరే ఆగిపోతాడు. ఆ తర్వాత దీపాల్లేవు... చెక్క బల్లలు, ఇనప కమ్మీ, కింద నీళ్ళు. అక్కడిదాకా వెళ్ళి సముద్రానికి వీపు తిప్పితే అక్కడి దెయ్యం వెంటపడుతుంది. కేక పెడుతూ వెంటపడుతుంది.

మనిషిని చంపదట. చొక్కా తీసుకుని వదిలేస్తుందట.

కసరత్తు మాస్టారు దానితో కలబడి, చొక్కా దాని చేతిలో వదిలేసి బయటపడ్డాడు. పోస్టుమాస్టరు గద్దించి చూశాడు. ఆయన చొక్కా కూడా పోయింది. ఇద్దరూ ఈ సంగతి చెప్పింది టైలరు కొట్లోనే, కొత్త చొక్కాకి కొలతలిస్తూ.

టైలరు విన్నది విన్నట్టు ఉంచే రకం కాదు. ప్రతి కథకీ తన వంతు ఇంత కలిపి తర్వాత వచ్చినవాళ్ళకి చెప్పేవాడు. బల్ల కింద కూర్చుని, పడేసిన ముక్కలతో బొమ్మకి గౌన్లు కుట్టుకుంటున్న కూతురు చిట్టి అదంతా వింటోందని అతనికి తట్టలేదు.

ఫలితం ఇంట్లో తేలింది. చిట్టి లైటు ఆర్పనివ్వడం మానేసింది. తన గది వదిలేసి అమ్మానాన్నల మధ్య దూరింది. నడుం మీద దాని కాళ్ళు, మొహం మీద లైటు. టైలరుకి నిద్ర కరువై, ఆ మత్తులో ఎవరి ప్యాంటుకో చొక్కా చెయ్యి అతికించాడు.

"కథలు చెప్పింది మీరు, దాని భయం కూడా మీరే పోగొట్టండి," అంది భార్య.

"దెయ్యం లేదు, గియ్యం లేదు చిట్టీ," అన్నాడు టైలరు.

"అయితే రాత్రి అక్కడికెళ్ళి చేప పట్టుకురా. అప్పుడు లైటార్పేసి ఒక్కదాన్నే పడుకుంటా."

టైలరు నవ్వాడు. నవ్వుతూనే సరే అనేశాడు. అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు.

ఎందుకంటే ఆ వీధిలో టైలరంత పిరికివాడు ఇంకొకడు లేడు. ఇది నేనంటున్న మాట కాదు. కత్తెర పక్కన పెట్టి, తన మీద తనే నవ్వుకుంటూ అతనే నాతో చెప్పాడు. "పెరట్లోకి వెళ్ళాలన్నా పాట పాడుకుంటూ వెళ్ళేవాణ్ణండీ. కానీ మా చిట్టికి ఆ సంగతి తెలీదు. నాన్న దేనికీ భయపడడనుకునేది. ఆ ఒక్కటీ పోకూడదని..."

గాలం బావమరిది ఇచ్చాడు. మంచి రీలు ఉన్న కర్ర. "ఇది విను బావా, ముఖ్యం," అంటూ రీలు పక్కనున్న చిన్న మీట చూపించి ఏదో చెప్పాడు. మిషను నడుస్తోంది. టైలరు "ఊ, ఊ" అన్నాడే గానీ ఒక్క ముక్క వినలేదు.

రాత్రి జెట్టీ మొదట్లో వాచ్‌మన్ తాత అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "మంచి చొక్కాయే వేసుకొచ్చావే," అన్నాడు. టైలరు మెడ దాకా గుండీలన్నీ పెట్టుకున్నాడు.

మధ్య దీపం దాటాడు. చీకటి. పాట అందుకుందామంటే ఒక్క పాటా గుర్తు రాలేదు. కాళ్ళ కింద బల్లలు కిర్రుమంటుంటే, ఆ చప్పుడు తనదే కదా అని ప్రతి అడుగుకీ ఆగి చూసుకున్నాడు.

చివరికి చేరాడు. కొక్కేనికి రొయ్య గుచ్చాడు. కర్రని వెనక్కి ఎత్తి, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు.

నీళ్ళలో పడ్డ చప్పుడు రాలేదు. చాలా దూరం పోయిందనుకుని కొంచెం మురిసిపోయాడు కూడా. కర్రని కమ్మీ సందులో బిగించి నిలబడ్డాడు.

అప్పుడు వాసన వచ్చింది.

చచ్చినదాని వాసన... మెడ దగ్గర. మొహం అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు. టైలరు ఊపిరి బిగబట్టాడు. చేప వద్దు, ఏమీ వద్దు... మెల్లగా వెళ్ళిపోదాం.

సముద్రానికి వీపు తిప్పాడు. ఒక్క అడుగు వేశాడు.

కిర్ర్ర్...

ఆగాడు. అదీ ఆగింది.

ఇంకో అడుగు. కిర్ర్ర్ర్... ఈసారి వీపు మీద ఏదో తట్టింది. చల్లగా, నున్నగా — ఒకే ఒక్క వేలు.

టైలరు కాలికి బుద్ధి చెప్పాడు. అతను పరిగెత్తేకొద్దీ వెనక కేక పెరిగింది. కిర్ర్ర్ర్ర్ర్ — అని జెట్టీ అంతా మోగిపోయేలా. వీపు మీద వేలు టకటకా పొడుస్తోంది. "నాకు కూతురుందమ్మా... చిన్నపిల్లమ్మా..." అని అరుస్తున్నాడు. దెయ్యం ఆడదని అతనికి ఎవరు చెప్పారో తెలియదు.

హఠాత్తుగా కేక ఆగిపోయింది. అదే క్షణంలో వెనకనుంచి ఎవరో కాలరు పట్టుకుని గుంజారు.

మోకాళ్ళ మీద పడ్డాడు. ముందుకి లాగాడు. కాలరు చిరగలేదు... తన చేత్తో వేసుకున్న డబల్ కుట్టు. పుట్టి బుద్ధెరిగాక తన పనితనాన్ని తనే తిట్టుకోవడం అదే మొదటిసారట.

"తీసుకో తల్లీ..." అని గుండీలన్నీ తెంపుకుని చొక్కా వదిలేసి, బనీనుతో ఇంటికొచ్చి పడ్డాడు.

చిట్టి మేలుకునే ఉంది. "చేపేది నాన్నా?" అంది. తర్వాత చూసి, మెల్లగా, "చొక్కా ఏది?" అంది. ఆ రాత్రి ఇంట్లో ఉన్న లైట్లన్నీ వెలిగాయి.

తెల్లారాక బావమరిది ఇచ్చిన కర్ర కోసం జెట్టీకి వెళ్ళక తప్పలేదు. చిట్టి చెయ్యి వదలకుండా వెంట వచ్చింది. తాత గదిలో కర్ర ఉంది. రీలు ఖాళీ. దాని మీదుండాల్సిన తంగూసు దారమంతా చుట్టగా నేల మీద ఉంది. దాని కొసన చొక్కా. కాలరు వెనక కొక్కెం, కొక్కేనికి కుళ్ళు రొయ్య, కింద వేలాడుతూ చల్లటి సీసపు గుండు.

"ఇది పైకి పెడితే, దారం లాగినప్పుడల్లా అరుస్తుంది. చేప పడ్డట్టు తెలియడానికి," అని తాత రీలు మీట నొక్కి దారం లాగాడు. కిర్ర్ర్... చిట్టి ఎగిరిపడి నాన్న కాలు పట్టుకుంది.

తాత గోడ వైపు చూపించాడు. మేకుకి ఇంకో రెండు చొక్కాలు. రెంటికీ కాలరు వెనక కొక్కెం చేసిన చిన్న చిరుగు. "వీళ్ళిద్దరూ చూసి మాది కాదు పొమ్మన్నారు. నువ్వేమంటావు?"

తన కుట్టు టైలరు గుర్తుపట్టడా? అంత ఛాతీ ఊళ్ళో ఒక్కడికే ఉంది. అన్ని జేబులు పెట్టించుకునేదీ ఒక్కడే. కానీ ఒకరి కొలతలు ఇంకొకరి దగ్గర ఎత్తడం అతనికి అలవాటు లేదు.

ఇక తన చొక్కా. కాదంటే చాలు, తనూ దెయ్యంతో పోరాడి వచ్చిన మగాడే. చిట్టి కూడా నమ్ముతుంది. నమ్మి, జీవితంలో లైటార్పదు.

"నాదే తాతా," అన్నాడు టైలరు. "నా గాలానికి నేనే పడ్డాను."

అని ఊరుకోలేదు. కర్ర విసరడం, పరిగెత్తడం, "చిన్నపిల్లమ్మా" అని ఏడవడం, అన్నీ జెట్టీ మీద చేసి చూపించాడు. చిట్టి నవ్వి నవ్వి బల్లల మీద కూలబడిపోయింది. కూతురి ముందు పరువు పోయినందుకు ఏడుపొస్తుందనుకున్నాడు గానీ, అతనికీ నవ్వే వచ్చింది.

ఆ రాత్రి చిట్టి తన గదిలోకి వెళ్ళి, తనే లైటార్పి పడుకుంది.

నడిరాత్రి ఆ గది తలుపు మెల్లగా తెరుచుకుంది. గుమ్మంలో ఒక ఆకారం... కదలకుండా.

"ఎవరది?" అంది చిట్టి.

"నేనే... నాన్నని." చేతిలో దిండు ఉంది. "నీకు భయమేస్తోందేమోనని..."

మంచం కిర్రుమంది.

"గోడ వైపు పడుకో నాన్నా," అంది చిట్టి జరుగుతూ. "ఇటు నేనుంటాలే."