నలభై ఒకటో తల

ఆరేళ్ల కిందట, నవంబరు పదకొండున, ఓడలో దుప్పట్లు ఉతికే ఒకావిడకు అన్యాయం జరిగింది. ముందు ఈ మాట వినండి, తర్వాతే దెయ్యం సంగతి. జనానికి దెయ్యం కావాలి గానీ దాని గోడు అక్కర్లేదు.

ఈ శిథిలాల వెనక దిగుడుబావి ఒకటుంది. పైన రాతి కప్పు, కిందికి తొంభై మెట్లు. మిట్టమధ్యాహ్నం దిగినా అక్కడ అర్ధరాత్రే. ఒంటరిగా వెళ్తే వెనక ఎవరో దిగుతున్నట్టుంటుందట... పొడి మెట్ల మీద తడి పాదాలట... సబ్బు వాసనట. అందుకే కాపలావాళ్లు కూడా జంటగా తప్ప దిగరు. నేను గేటు దగ్గర టికెట్లు చింపేదాన్ని. ఇలాంటివి విని నవ్వి ఊరుకునేదాన్ని. గొడుగమ్మ నా ఎదురుగా కూర్చుని చెప్పిన రోజు మాత్రం నవ్వలేదు.

గొడుగమ్మంటే గైడు. జనం తప్పిపోకుండా ఎర్రగొడుగు ఎత్తిపట్టుకుని నడుస్తుంది. రేవులో ఓడ ఆగిన రోజు బస్సులో నలభై మందిని తెచ్చి, అన్నీ చూపించి, ఐదింటికల్లా మళ్లీ ఓడెక్కించాలి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. గేటు దగ్గర తలలు లెక్కపెట్టి, లోపలికి ఎందరు, బయటికి ఎందరు అని నా రిజిస్టరులో రాసి సంతకం పెట్టేది. పేర్లు పిలిచేది కాదు.

"పేర్లయితే పది నిమిషాలు పడుతుందక్కా. తలలయితే చిటికెలో పని" అనేది.

ఆ నవంబరు పదకొండున ఒక సీటు మిగిలితే ఓడవాళ్లు ఉతికే ఆవిడను పంపారు. ఏడు నెలల్లో అదే మొదటి సెలవు. మంచి బట్టల్లేక పనిలో వేసుకునే తెల్లకోటుతోనే వచ్చింది.

"ఓడ అడుగున కిటికీ లేని గది మేడమ్. సముద్రం మీదే బతుకు, సముద్రం చూసిందే లేదు" అందట నవ్వుతూ.

తిరిగి వెళ్లేటప్పుడు లెక్క నలభై. సరిపోయింది. బస్సు కదిలింది.

సగం దారిలో, అదే ఓడ నుంచి వచ్చిన రెండో బస్సు గైడు ఫోను చేసింది — "మా టోపీ తాతగారు మీ బస్సు గానీ ఎక్కారా?"

గొడుగమ్మ వెనక్కి తిరిగింది. ఎక్కాడు. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కూర్చున్నది... ఆవిడ సీట్లో.

"వెనక్కి తిప్పితే అందరికీ ఓడ తప్పుతుందక్కా. నా లైసెన్సు ఊడుతుంది. పనిమనిషే కదా... ఏదో బండి పట్టుకుని వచ్చేస్తుందిలే అనుకున్నా."

పనిమనిషే కదా! ఎవరో దొరసాని కళ్లజోడు మర్చిపోతే బస్సు తిప్పించిన మనిషే ఇది. నేను నా కళ్లతో చూశాను.

ఆవిడ రాలేదు. ఓడవాళ్లు పుస్తకంలో ఒక ముక్క రాసి చేతులు దులుపుకున్నారు — 'ఉద్యోగం వదిలి పారిపోయింది.' పారిపోయిన మనిషిని ఎవరు వెతుకుతారు? గొడుగమ్మ నోరు విప్పలేదు.

మరుసటి వారమే ఆ వింత మొదలైంది. బావిలోకి నలభై మంది దిగారు... నలభై ఒక్క మంది పైకొచ్చారు. బస్సు దగ్గర లెక్కపెట్టినా నలభై ఒకటే. హడలిపోయి పేర్లు పిలిచింది — నలభయ్యే. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. ఆరేళ్లపాటు ఒకటి తీసేసి రాసింది. మనిషి దేనికైనా అలవాటు పడుతుంది... తన తప్పుకైతే మరీ త్వరగా.

మొన్నామధ్య వచ్చిన బస్సులో ఒక పిల్ల ఉంది. పద్దెనిమిదేళ్లుంటాయి. మెట్ల దగ్గర గొడుగమ్మ చెయ్యి పట్టుకుని ఫోనులో ఫొటో చూపించి, గుసగుసగా అడిగింది —

"మా అమ్మ చివరిసారి ఇక్కడికే వచ్చిందట మేడమ్. ఎవడితోనో లేచిపోయిందని మా అత్తలు ఇప్పటికీ దెప్పుతారు. మీరేమైనా... చూశారా?"

"తెలీదమ్మా" అంది గొడుగమ్మ.

మెట్లెక్కి వచ్చినవాళ్లు ఎప్పట్లాగే నలభై ఒకటి. బస్సు దగ్గర లెక్కపెడితే... నలభై.

మళ్లీ లెక్కపెట్టింది. నలభై.

పేర్లు పిలిచింది. నలభై మందీ పలికారు. బతికున్నవాళ్లంతా బస్సులోనే ఉన్నారు. మరి రానిది —

తల తిప్పి చూసింది. బావి నోటి దగ్గర, చీకటి అంచున, తెల్లకోటు. నీళ్లు కారుతున్నాయి. ఆ చూపు గొడుగమ్మ మీద లేదు. బస్సు కిటికీలో ఉన్న పిల్ల మీద ఉంది. పిలవలేదు, చెయ్యి ఊపలేదు... ఊరికే చూస్తూ నిలబడింది. కన్నకూతురి ఎదుట దొంగలెక్కలో బస్సెక్కలేకపోయింది కాబోలు.

గొడుగమ్మ చేతిలోంచి గొడుగు జారిపోయింది. బస్సెక్కి ఆ పిల్ల కాళ్ల దగ్గర కూలబడింది.

"అబద్ధం చెప్పానమ్మా... మీ అమ్మ ఎక్కడికీ పోలేదు. నేనే వదిలేసి వచ్చాను."

మోటార్లు పెట్టి నాలుగు రోజులు బావిలో నీళ్లు తోడారు. పాచి పట్టిన అడుగుమెట్టు కింద దొరికింది. దొరికినదాన్ని నేను వర్ణించను. కోటు జేబులో మాత్రం, గేటు బయట బండి మీద కొన్న చెవిపోగుల జత ఉంది. పిల్ల కడిగి అక్కడే పెట్టుకుంది.

ఆ సాయంత్రమే గొడుగమ్మ నా గదికొచ్చి, అంతా చెప్పి, పాత రిజిస్టరు అడిగింది. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. పేజీ తీశాను. గొడుగమ్మ సంతకం కింద 'సరిచూశాను' అని నా సంతకం. ఆ రోజు నేను తలెత్తి చూసింది కూడా లేదు.

ఇద్దరం పాత అంకె కొట్టేశాం. ఇద్దరం మళ్లీ సంతకాలు పెట్టాం.

నవంబరు పదకొండు. లోపలికి: 40. బయటికి: 39.