కట్ల షెడ్డులో దాహం

నర్సీపట్నం నుంచి రోలుగుంట వెళ్ళే దారిలో, జీడితోటలు మొదలయ్యే మలుపు దగ్గర ఒక పాత రేకుల షెడ్డు ఉంది. కట్ల షెడ్డంటారు. పొద్దుగూకాక అక్కడ ఆటోవాళ్ళు హారను కూడా కొట్టరు... కొడితే లోపల్నుంచి ఎవరో పిలుస్తారని.

పెద్ద యుద్ధం రోజుల్లో ఒక మిలటరీ వైద్య దళం అక్కడ గుడారాలు వేసిందట. లారీల్లో దెబ్బతిన్నవాళ్ళు దిగేవారట. నడవగలిగినవాళ్ళకి కట్లు కట్టి పంపెయ్యడం, కోస్తే బతికేవాళ్ళని డాక్టరు బల్ల ఎక్కించడం... మిగిలినవాళ్ళని ఆ షెడ్డులో పడుకోబెట్టడం. కడుపులో గాయమైనవాడికి నీళ్ళు పొయ్యకూడదని పోసేవారు కాదట. వాళ్ళు తెల్లవార్లూ అడిగి అడిగి పోయేవారట. ఇప్పటికీ అడుగుతూనే ఉంటారట — "నీళ్ళు..." అని.

హవల్దారుగా రిటైరైన సత్యప్రకాష్ ఈ మాటలకి నవ్వేవాడు. ఇరవై రెండేళ్ళు అచ్చం అలాంటి దళంలోనే నర్సింగు పని చేశాడు. ఊళ్ళో అందరికీ మిలటరీ డాక్టరు గారు. ఎవరికి దెబ్బ తగిలినా ముందు ఆయన గుమ్మమే తొక్కుతారు.

ఒక్క సంగతి మాత్రం ఆయన భార్యకి కూడా చెప్పలేదు. కొండల్లో ఒక రాత్రి పదకొండు మంది గాయాలతో వచ్చారు. స్ట్రెచర్లు నాలుగే. బతకరనుకున్నవాళ్ళ మెడలో నల్ల చీటీ కట్టమన్నారు. విజయనగరం జవాను ఒకడు, వదిలెళ్ళొద్దని ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "అన్నా, నన్నొగ్గీకన్నా..." ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడదీసి, చీటీ కట్టి, ముందుకెళ్ళిపోయాడు. మర్నాడు తొమ్మిదింటి దాకా ఆ జవాను బతికే ఉన్నాడని తర్వాత తెలిసింది.

మొన్న శ్రావణంలో రోలుగుంటలో ఎవరికో సెలైను పెట్టి తిరిగొస్తున్నాడు. రాత్రి పది. కుండపోతగా వాన... స్కూటరు నడపలేక ఆ షెడ్డు చూరు కిందే ఆగాడు.

రేకుల మీద వాన చప్పుడు. ఆ చప్పుడు కింద — ఇంకేదో.

"నీళ్ళు..."

సత్యప్రకాష్ చెవులు రిక్కించాడు. "ఎవరది?"

సెల్‌ఫోను లైటు వేసి గుమ్మంలోకి ఒక్కడుగు వేశాడు. నేలంతా తడి... మూలన చీకట్లోంచి ఒక చెయ్యి లేచింది. మోచేతి దాకా ఎర్రగా. వేళ్ళు ఆయన మణికట్టు వైపే చాచుకుని ఉన్నాయి.

"అన్నా... నన్నొగ్గీకన్నా..."

అదే మాట. అదే గొంతు — ఆయనకలాగే తోచింది.

యేసయ్య పేరు కూడా నోటికి రాలేదు. ఆ వానలో స్కూటరు ఎలా తీశాడో, ఇంటికెలా చేరాడో తెలీదు. తలుపు గడియ పెట్టి, తెల్లవార్లూ మంచం మీద కూర్చున్నాడు. "ఏటయ్యిందండీ?" అని భార్య కరుణకుమారి ఎంతడిగినా తన మణికట్టే తుడుచుకుంటూ ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సాయిలక్ష్మి వచ్చి వాళ్ళ గుమ్మంలో కూలబడింది. ఆమె మొగుడు చిట్టిరాజు రోలుగుంట దారిలో ఆటో నడిపేవాడు. రాత్రి వానలో ఆ మలుపు దగ్గర ఆటో తోటలోకి పల్టీ కొట్టింది. తొడ చీలిపోయింది. పాక్కుంటూ షెడ్డులోకి చేరాడు. పొద్దున్న పశువుల్ని తోలుకెళ్ళేవాళ్ళు చూసి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దార్లోనే ప్రాణం పోయింది.

తొడకి గట్టిగా ఒక్క కట్టు పడుంటే బతికేవాడు. ఆ సంగతి సత్యప్రకాష్‌కి తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు.

"ఆకరి దాకా మీ పేరేనంటండీ బాబూ..." అంది సాయిలక్ష్మి. "మిలటరీ డాక్టరు గారొచ్చేరు, లైటేసి సూసేరు, ఎల్పోనారు... అదే మాట. మీరలాంటోరేటండీ? ఆ షెడ్డులో దెయ్యమే మీ మొకం ఏసుకొచ్చిందంటన్నారు అందరూ. మనిషికి ఆశ సూపించి సంపీసిందండీ. దెయ్యమే కదండీ... మీరే సెప్పండి."

లోపలి నుంచి కరుణకుమారి ఆయన వైపే చూస్తోంది.

"అవునమ్మా..." అన్నాడు సత్యప్రకాష్. "దెయ్యమే."