వేదిక కింద ఎవరో తడుతున్నారు

ఆ హాలులో చీకటి పడ్డాక వేదిక కింద ఎవరో తడతారని ఊళ్ళో చెప్పుకునేవారు.

పగలు చూస్తే అది మామూలు పాత డాన్సు హాలే. బస్సు డిపో వెనక వీధిలో, టైర్ల కొట్టుకీ తాళాలు బాగుచేసే గదికీ మధ్య ఇరుక్కుని ఉండేది. లోపలి గోడలకి ఒకప్పుడు ఎర్ర వెల్వెట్టు గుడ్డ కొట్టించారు. ఇప్పుడది పురుగులు తినేసి, బట్టతల మీద మిగిలిన జుట్టులా అక్కడో పీలిక ఇక్కడో పీలిక వేలాడుతోంది. ఏళ్ళ తరబడి మూసి ఉంచి, ఈమధ్యే మళ్ళీ తెరిచారు. తెరిచారే గానీ, సాయంత్రం ఊడ్చడానికి వచ్చిన ఆడవాళ్ళు వేదిక దాకా వచ్చి ఆగిపోయేవారు. చీపురు మెట్లకి ఆనించి వెళ్ళిపోయేవారు.

ఎందుకమ్మా అని అడిగితే — "ఏం లేదండీ... కింద ఎవరో తడుతుంటే పైన ఊడవబుద్ధి కాదు" అనేవారు.

తట్టేది ఎవరో, ఎందుకు తడతారో మాత్రం ఒక్కరికీ తెలీదు.

అలాంటి హాలులో ఆడమని పిలుపొస్తే ఎవరైనా భయపడతారు. ఎగిరి గంతేసింది ఒక్క ఈ కుటుంబమే. ఎందుకంటే వాళ్ళ బతుకే దెయ్యాల పాట. పంకాబిల్లీ అంటారు దాన్ని. పాతకాలపు పల్లె గిటారు పాట ఒకటి దారి తప్పి శ్మశానంలోకి వెళ్ళిందనుకోండి. అక్కడ దానికి పిచ్చెక్కి, గోడ దూకి పరిగెత్తుకొచ్చిందనుకోండి. అదీ పంకాబిల్లీ. పాటల నిండా పుర్రెలు, గబ్బిలాలు, సమాధిలోంచి లేచొచ్చే ప్రియురాళ్ళు. వినేవాళ్ళు భయపడాలి, భయపడుతూనే పకపకా నవ్వాలి.

ఆ జట్టులో నలుగురు. డ్రమ్ములు వాయించేది బావ. డబుల్ బేస్ వాయించేది అతని పెళ్ళాం, అక్క. డబుల్ బేస్ అంటే మనిషి ఎత్తు ఫిడేలు. నేల మీద ఒక ఇనుప ములుకు ఆనించి, నిలబెట్టి వాయిస్తారు. ఆమె మాత్రం తీగని లాగి వదిలి, అరచేత్తో చరిచి, టకటకమని ఎముకలు కొట్టుకున్నట్టు మోగించేది. గిటారు పట్టుకుని పాడేది ఆమె తమ్ముడు. జనం వాడిని ముద్దుగా 'పీనుగు' అనేవారు. ఇక నాలుగో మనిషి వాళ్ళ పిన్ని. అరవై ఏళ్ళు. నల్ల ఈకల విసనకర్రతో, మోచేతులు దాటిన గ్లౌజులతో వచ్చి, వయ్యారంగా ఒక్కో గ్లౌజూ ఊడదీసేది. నల్లది తీస్తే కింద ఎర్రది. ఎర్రది తీస్తే కింద పచ్చది... జనం ఈలలు వేసి వేసి గొంతు పోయాక, చిట్టచివరిది తీస్తే కింద ఎముకల చెయ్యి!

"నా వయసుకి ఇంతకంటే తీస్తే మీరే పారిపోతారర్రా" అనేది పిన్ని. హాలంతా గొల్లుమనేది.

ఆ జట్టుకి ఒక కట్టుబాటు ఉంది. పెట్టింది అక్కే. వేదిక మీద ఎవరు అరిచినా వాయిద్యం ఆపకూడదు. అరుపు పాటలో భాగం. ఎంత గట్టిగా అరిస్తే అంత జోరుగా వాయించాలి. ఒకసారి బావ కాలి మీద ఇనుప స్టాండు పడింది. అతను "చచ్చాన్రోయ్" అని కేక పెడితే, అక్క నవ్వుతూ ఇంకో రెండు చరణాలు లాగింది. వేలు విరిగిన సంగతి పాట అయ్యాకే తెలిసింది.

ఇక తమ్ముడి రాక. అది చూడ్డానికే సగం జనం వచ్చేవారు. వాడు శవపేటికలో పడుకుంటాడు. అక్క వాడి ఒళ్ళంతా తెల్ల గుడ్డ పట్టీలు చుడుతుంది. చేతులు పక్కలకి అదిమి, భుజం నుంచి మణికట్టు దాకా పదహారు చుట్లు. మూత పెట్టి గడియ వేస్తుంది. పేటిక అడుగున ఊపిరికి చిల్లులు ఉంటాయి. కింద ఒక తొట్టిలో పొగలు కక్కే ఐసు. డ్రై ఐస్ అంటారే, అది. బల్ల మీద పేటిక, కింద తొట్టి, చుట్టూ తెల్లటి పొగ పాక్కుంటూ వేదిక అంచు మీంచి జారిపోతుంది. మూడు నిమిషాల పాట అవుతుంది. మూత తెరుచుకుంటుంది. పీనుగు లేస్తుంది, పట్టీలు పటపటా తెంచుకుని గిటారు అందుకుంటుంది.

ఈ హాలులో అంతకన్నా గొప్ప వసతి కనబడింది తమ్ముడికి. వేదిక నడిమధ్య నేలకి ఒక తలుపు. తలుపు కింద రెండు నిలువుల లోతు గొయ్యి. గొయ్యిలో చెక్క బల్ల. వేదిక పక్కన చక్రం తిప్పితే గొలుసు లాగి, ఆ బల్ల పైకి లేస్తుంది.

"అక్కా! సమాధిలోంచి నిజంగానే లేస్తాను! ఒక్కసారి... ఈ ఒక్కసారి!"

కాపలా తాత చక్రానికి నూనె రాసి ఇచ్చాడు. రాసి ఇచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు — "మీ ఇష్టం అమ్మా. నేనైతే ఆ కింద మనిషిని ఉంచను."

"తాతా, దెయ్యానికి మేమంటే భయం. మా పాట విన్నదంటే అదే ఊరొదిలి పోతుంది" అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు. తాత నవ్వలేదు.

ఇక్కడ మనం కొంచెం ఆగి ఒక సంగతి గమనించాలి. ఆ ఐసు పొగ చూడ్డానికి దూదిలా ఉంటుంది గానీ, గాలికంటే బరువు. ఎప్పుడూ కిందికే దిగుతుంది. వేదిక మీదైతే అంచు దాటి పోతుంది. మరి గొయ్యిలో? గొయ్యిలోంచి ఎక్కడికి పోతుంది? బావిలో నీళ్ళు ఊరినట్టు ఊరుతుంది. పేటికకి చిల్లులున్నది అడుగున. తొట్టి ఉన్నదీ అడుగునే. అన్నేళ్ళుగా ఆ పని చేస్తున్న ఆ నలుగురికీ ఆ రాత్రి ఈ సంగతి తట్టలేదు. చేతికి అలవాటైన పని మనసుని అడిగి చెయ్యదు మరి.

అక్క పదహారు చుట్లూ చుట్టింది. మూత పెట్టింది. గడియ వేసింది. తొట్టి నింపి బల్ల కింద పెట్టింది. నేల తలుపు మూసింది.

తెర లేచింది.

హాలు కిటకిటలాడుతోంది. మొహాలకి సున్నం, కళ్ళ చుట్టూ మసి, నెత్తిన కొమ్ములు. జనం కూడా దెయ్యాల వేషాల్లోనే వచ్చారు. బావ డ్రమ్ము దరువు మొదలెట్టాడు. అక్క తీగ లాగింది. పిన్ని విసనకర్ర విప్పింది.

మొదటి గ్లౌజు ఊడింది. ఈలలు...

అప్పుడు వినబడింది అక్కకి. వినబడిందనడం తప్పు — తగిలింది. బేసు ములుకు చెక్క మీద ఆని ఉంది కదా, ఆ ములుకులోంచి, ఒళ్ళోకి, పక్కటెముకల్లోకి... టక్. టక్. టక్.

కింద తడుతున్నారు.

అక్క నవ్వుకుంది. వెధవ, అక్కడ కూడా తాళం వేస్తున్నాడు అనుకుంది. ఆ దెబ్బకి జవాబుగా తీగని చరిచింది. జనం అరిచారు. పిన్నికి ఊపొచ్చింది. రెండో గ్లౌజుని ఊడదీయకుండా ఊరించడం మొదలుపెట్టింది. మూడు నిమిషాల పాట అయిదయింది... ఆరయింది.

టక్... టక్టక్... టక్.

అక్క చెయ్యి తడబడింది. ఈ దెబ్బ తాళంలో లేదు.

వాడు నిద్రలో కాలు ఆడించినా తాళం తప్పడు. మరి ఇదేమిటి — ఆగి, తొందరపడి, మళ్ళీ ఆగి... ఇది తాళం కాదు. ఇది తలుపు తట్టడం.

అసలు వాడు ఎలా తడతాడు? చేతులు కట్టేసి ఉన్నాయిగా! తానే కట్టింది. తట్టాలంటే పట్టీలు తెంచుకోవాలి. మూత తెరవకముందే తెంచుకున్నాడంటే...

ఆమె కిందికి చూసింది. నేల తలుపు సందుల్లోంచి తెల్లటి పొగ సన్నగా పైకి పొంగుతోంది. గొయ్యి నిండితే తప్ప పైకి రాదు ఆ పొగ.

ఆమె బావ వైపు తిరిగింది.

"ఆపండి!"

ఆ కేకకి హాలు దద్దరిల్లింది — చప్పట్లతో.

"ఆపండయ్యా! వాడు చచ్చిపోతాడు! కింద చచ్చిపోతాడు!"

"చచ్చిపోతాడు! చచ్చిపోతాడు!" జనం కాళ్ళు నేలకేసి కొడుతూ అందుకున్నారు. బావ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, దరువు రెండింతలు చేశాడు. ఎంత గట్టిగా అరిస్తే అంత జోరుగా... ఆమె పెట్టిన కట్టుబాటే. పిన్ని దగ్గరికొచ్చి, విసనకర్ర చాటునుంచి మెచ్చుకోలుగా గుసగుసలాడింది — "అబ్బ, ఏం చేస్తున్నావే! ముందే చెప్తే నేనూ ఏడ్చేదాన్నిగా!"

"పిన్నీ, నిజం పిన్నీ!"

"అదే, అదే... అలాగే కానివ్వు!" పిన్ని నడుం తిప్పుకుంటూ వెళ్ళిపోయింది.

అక్క బేసు వదిలేసింది. మనిషి ఎత్తు వాయిద్యం ధడాలున పడి మెడ విరిగింది. దానికీ చప్పట్లే. చక్రం దగ్గరికి పరిగెత్తింది. రెండు చేతులా లాగింది. సగం చుట్టు తిరిగి, గొలుసు పట్టేసింది. మళ్ళీ లాగింది. అరచేతుల చర్మం ఊడింది గానీ చక్రం కదల్లేదు.

కింద — టక్టక్టక్టక్...

మోకాళ్ళ మీద పడి నేల తలుపు పెకలించింది. పొగ గుప్పున లేచి వేదికంతా కమ్మింది. జనం వెర్రెత్తిపోయారు. ఆమె గుండెల నిండా గాలి పీల్చి, నోరు బిగించి, దూకింది.

లోపల కళ్ళు కనబడవు. ముక్కులో సూదులు గుచ్చినట్టు మంట. తడిమింది — మూత, అంచు, గడియ. గడియ లాగింది. మూత ఎత్తింది. తమ్ముడి మొహం మంచుముద్దలా తగిలింది. వీపు కింద చేతులేసి లేవనెత్తింది. వాడి తల వేలాడిపోయింది. పేటిక మీదకి ఎక్కి, వాడిని భుజాన వేసుకుని, నిక్కి నిక్కి వాడి తలని నేల మట్టానికి పైకి తెచ్చింది. తన తల ఇంకా పొగలోనే ఉంది. గాలి అయిపోతోంది. చెవుల్లో హోరు.

ఒక్క మాటకి సరిపడా ఊపిరి మిగిలింది. అది జాగ్రత్తగా ఖర్చు పెట్టాలి. 'ఆపండి' అంటే ఎవరూ ఆపరు. 'చచ్చాడు' అంటే చప్పట్లు కొడతారు.

"ఏమండీ... చిట్టినాన్న..."

తల్లి పోయిన నాటి నుంచీ ఆమె ఎత్తుకుని పెంచిన తమ్ముడు వాడు. ఇంట్లో, అన్నం తినేటప్పుడు, జ్వరమొచ్చినప్పుడు పిలిచే పిలుపు అది. వేదిక మీద ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వాడలేదు.

బావ చేతిలో కర్రలు జారిపోయాయి.

తర్వాత అంతా చేతులే. బావ చేతులు, పిన్ని ఎర్ర గ్లౌజు చేతులు, ఎక్కణ్ణించో వచ్చిన కాపలా తాత చేతులు. ఇద్దరినీ పైకి లాగి, తెర వెనక వేషాలు వేసుకునే గదిలోకి ఈడ్చుకుపోయారు. తాత కిటికీలు బార్లా తెరిచాడు. బావ తమ్ముడి నోట్లోకి గాలి ఊదాడు. ఒకసారి. రెండుసార్లు. పదిసార్లు. పిన్ని మూలన కూలబడి, ఉన్న దేవుళ్ళందరినీ పిలుస్తోంది.

"లేవరా... లేవరా చిట్టినాన్నా... నీకు దండం పెడతాను రా..." అక్క వాడి చెంపలు వాయిస్తోంది.

పదకొండోసారికి వాడు దగ్గాడు. కక్కుకున్నాడు. ఎండిన చెరువులో చేపలా గాలి మింగాడు.

అక్క వాడి మీద పడి ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. "ఎంత కొట్టుకున్నావురా లోపల... ఎంత కొట్టుకుంటే నాకు వినబడిందిరా..." అంటూ వాడి చేతులు చేతుల్లోకి తీసుకోబోయింది.

తీసుకోవడానికి చేతులు లేవు.

పట్టీల్లో ఉన్నాయి. భుజం నుంచి మణికట్టు దాకా పదహారు చుట్లు. ఒక్క చుట్టూ సడలలేదు. ముడి ఆమె వేసినట్టే ఉంది. కాళ్ళకీ అంతే.

బావ చూశాడు. పిన్ని చూసింది.

"మరి..." అంది అక్క. ముడి తడిమి చూసింది. "మరి తట్టింది..."

తమ్ముడు కళ్ళు తెరిచి ఆమెవంకే చూస్తున్నాడు. పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి.

"అరవబోయానక్కా" అన్నాడు మెల్లగా. "ఊపిరాడక... గట్టిగా అరవబోయాను. నా నోటి మీద చెయ్యి పడింది."

"ఎవరి చెయ్యి?"

"ఆడమనిషి చెయ్యి... చల్లగా. నా పక్కనే పడుకుని ఉంది. చెవిలో చెప్పింది —"

వాడు ఆగాడు. తెర అవతలి నుంచి హోరు వినబడుతోంది. మూడు వందల మంది కాళ్ళు కొడుతున్నారు, ఈలలు వేస్తున్నారు, ఇంకోసారి ఇంకోసారి అంటున్నారు.

"ఏం చెప్పిందిరా?"

"అరవకు నాయనా, అంది. అరిస్తే వీళ్ళు చప్పట్లు కొడతారు... అంది."