మాట్లాడే పరీక్ష

కెన్యాలోని కిసుము బస్టాండులో వ్యాను ఎక్కేసరికి అవూర్ సగం తడిసిపోయింది. చేతిలో ఉన్న జర్మన్ పుస్తకాన్ని మాత్రం స్వెట్టరు కింద దాచి కాపాడుకుంది. డ్రైవరు అద్దంలోంచి ఆ పుస్తకాన్ని చూశాడు. చూసినవాడు ఊరుకోకుండా, ఈ రోజు సూర్యుడు ఎక్కడికి పోయాడో అని జర్మన్‌లోనే అన్నాడు.

అవూర్‌కి తప్పు వింటే చెవి దురద.

"ఆ భాషలో సూర్యుడు ఆడది," అంది.

"అందుకేనన్నమాట, పొద్దున్నుంచీ అలిగి లోపలే కూర్చుంది," అన్నాడతను.

వ్యానంతా నవ్వింది. అవూర్ కిటికీ వైపు తిరిగి, తను దిగే ఊరు మాసెనో వచ్చేదాకా మళ్ళీ ఇటు చూడలేదు. ఆ సాయంత్రం జర్మన్ క్లాసుకి వెళితే వెనక బెంచీలో అతనే కూర్చుని ఉన్నాడు. పేరు ఓకెయో. జర్మనీలో సిటీ బస్సు నడిపే ఉద్యోగం వచ్చిందట. ఇన్నాళ్ళూ పొద్దుటి క్లాసుకి వచ్చేవాడట.

పాఠం చెప్పే నెకెసా మేడమ్, మాట్లాడే పరీక్షకి జంటలు వేస్తూ వాళ్ళిద్దరినీ కలిపింది. అవూర్ వెళ్ళి మార్చమని బతిమాలింది. మేడమ్ ఒప్పుకోలేదు. అతనికి నోరుంది, నీకు వ్యాకరణం ఉంది, ఇద్దర్నీ కలిపితే ఒక పూర్తి మనిషి అవుతారు అంది.

అవూర్ ఐదేళ్ళుగా పిల్లల వార్డులో నర్సు. జర్మనీలో ఒక ఆసుపత్రి ఆమెను తీసుకుంది. కాగితాలన్నీ సిద్ధం. రాత, చదవడం, వినడం అన్నీ పాసైంది. పోయినసారి మాట్లాడే పరీక్షలో మాత్రం, పరీక్షకుల ముందు కూర్చోగానే నాలుక అంటుకుపోయింది. నాలుగు నిమిషాలు బల్లకేసి చూసి లేచి వచ్చేసింది.

శనివారాలు ఆమెకి సెలవు, అతనికి పని. కాబట్టి సాధన వ్యానులోనే సాగింది. ఆమె ముందు సీట్లో కూర్చునేది. అతను గేరు మారుస్తూ ప్రశ్నలు వేసేవాడు. వారం వారం అదే వ్యానెక్కే చేపలమ్మే ఒకావిడ, వీళ్ళు దెబ్బలాడుకుంటున్నారా, పెళ్ళి మాటలా అని కండక్టర్ని అడిగింది. రెండూ కాదని అవూరే వెనక్కి తిరిగి చెప్పింది. అప్పటికి ఆ మాట నిజమే.

ఓ రోజు ప్రయాణికులంతా దిగిపోయాక ఆమె అసలు సంగతి చెప్పింది.

"నా భయం పరీక్షంటే కాదు ఓకెయో. అక్కడ ఓ ముసలావిడ నాకు నొప్పిగా ఉందమ్మా అంటుంది. నాకు అర్థం కాదు. ఇక్కడ నేను సిస్టర్ని. అక్కడ మూగదాన్ని అయిపోతాను."

ఏదో జోకు వేస్తాడనుకుంది. వెయ్యలేదు. తనకీ అక్కడి మంచు మీద బండి జారుతుందేమోనని భయమేనని, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె అతన్ని విసుక్కోవడం కొంచెం తగ్గించింది.

ఆ పై శనివారం మాసెనో ఇంకా మూడు మైళ్ళుందనగా వెనక సీట్లో ఓ పెద్దాయన పక్కకి ఒరిగిపోయాడు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. పక్కవాళ్ళు తలా ఒక సలహా ఇస్తున్నారు. అవూర్ సీటు మీదుగా దాటి వెళ్ళింది.

"బండి ఆపు. అందరూ దిగండి, గాలి రానివ్వండి. పెద్దాయనా, నా మాట వినపడుతోందా? షుగరుందా మీకు?"

ఆయన మెల్లగా తలూపాడు. కండక్టర్ని సోడా తెమ్మని పరిగెత్తించింది. షుగరు పడిపోయింది, తియ్యటిదే తెమ్మని మళ్ళీ వెనక నుంచి కేక వేసింది. అడ్డు వచ్చిన ఓ లావుపాటి పెద్దమనిషిని, మీరు డాక్టరా అని అడిగి, కాదనగానే రోడ్డు మీదికి పంపేసింది. గుక్కగుక్కగా సోడా పట్టింది. పది నిమిషాలకి ఆయన కళ్ళు నిలిపి చూసి, ఈ అమ్మాయి ఎవరి బిడ్డ అని అడిగాడు.

అందరూ ఎక్కారు. ఓకెయో బండి తియ్యలేదు. ఆమెనే చూస్తున్నాడు.

"ఇందాక మాట్లాడింది ఎవరు?"

"నేనే. ఎవరు మరి?"

"ఆవిణ్ణి పరీక్షకి పంపు. బల్లకేసి చూసే ఆవిడ ఇంట్లో ఉంటుంది."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు చెమర్చాయి. అతను చటుక్కున రోడ్డు వైపు తిరిగి హారన్ కొట్టాడు, ఎదురుగా ఏమీ లేకపోయినా.

నైరోబీలో పరీక్ష. ఆసుపత్రిలో చుట్టాలని ఏ వేళకైనా రానివ్వాలా అన్నది చర్చ. ఓకెయో తప్పులతడక జర్మన్‌లో, రానివ్వాల్సిందే, వంట సామాన్లతో సహా రానివ్వాలని వాదించాడు. అవూర్‌కి ఒళ్ళు మండింది. పరీక్ష సంగతి మరిచిపోయింది. పిల్లల వార్డంటే ఏమిటో, నిద్రపోయిన పిల్లవాణ్ణి లేపితే ఏమవుతుందో అతన్ని దులిపేస్తూ చెప్పింది. టైం అయిందని పరీక్షకురాలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆమె పాసైంది. మాట్లాడటంలో అతనూ పాసయ్యాడు. రాతలో మాత్రం నాలుగు మార్కులు తగ్గాయి.

రాత పరీక్ష మళ్ళీ నాలుగు నెలలకి. అప్పటిదాకా నీకోసం ఆగుతానని అవూర్ అంది. అతనికి కోపం రావడం ఆమె మొదటిసారి చూసింది.

"నేను బండి ముందుకి నడిపేవాణ్ణి. నిన్ను ఆపినవాడు ఓకెయో అని నాకు పేరు రానివ్వకు."

ఆమె ప్రయాణానికి ముందు ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు టెంటు వేసి బంధువులందరికీ భోజనాలు పెట్టారు. తండ్రి ఒడెరో మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. మనిషికి మాట పొదుపు. ఓకెయో కుర్చీలు మోస్తున్నాడు. ఇతనెవరని మేనత్త అడిగితే, సామాను కోసం పిలిచిన వ్యాను డ్రైవరని ఎవరో చెప్పారు. అతను విన్నాడు, కాదనలేదు.

మాస్టారు లేచి నిలబడ్డాడు. మా అమ్మాయి ఎవర్నీ దేబిరించి వెళ్ళడం లేదు, ఆ దేశానికి మంచి నర్సు కావాలన్నారు, మా ఇంట్లో ఉందని పంపుతున్నాను అన్నాడు. చప్పట్లు ఆగాక కూతుర్ని రెండు మాటలు చెప్పమన్నాడు.

అవూర్ లేచింది. డెబ్భై మంది ఆమెనే చూస్తున్నారు. ఆమె ఓకెయోని చూసింది. అతను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఆ కుర్చీలు మోస్తున్నది ఓకెయో," అంది, చివరి వరసకి కూడా వినిపించేలా. "వ్యాను నడుపుతాడు. నా గొంతు నాకు చూపించినవాడు. ఒక్క పరీక్ష తప్పాడు, అది పాసై రేపు అక్కడ బస్సు నడుపుతాడు. నేను చేసుకుంటే ఇతన్నే చేసుకుంటాను నాన్నా."

మాస్టారు అద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఓకెయోని దగ్గరికి పిలిచాడు.

"ఏం తప్పావు?"

"రాత, మాస్టారూ. నాలుగు మార్కులు."

"ముప్ఫై ఏళ్ళ పాటు పరీక్ష తప్పినవాళ్ళనే గట్టెక్కించాను. రేపటి నుంచి సాయంత్రాలు రా. ఆ భాష నాకు రాదు. కూర్చోబెట్టి రాయించడం వచ్చు. పాసయ్యాక మీ పెద్దల్ని తీసుకురా, మిగతాది అప్పుడు మాట్లాడదాం."

నాలుగో నెలలో ఫలితాలొచ్చాయి. జర్మనీలో డ్యూటీ దిగి కోటు తొడుక్కుంటున్న అవూర్‌కి ఆ కబురు ముందుగా చెప్పింది ఓకెయో కాదు. ఎప్పుడూ ఫోన్ చెయ్యని తండ్రి చేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మనవాడు పాసయ్యాడమ్మా," అన్నాడు.